గుండె నాది, సాక్ష్యం వాచీదా?

కూరగాయలవాడి కాటాను నమ్మిన ఇల్లాలు మా పెద్దాపురంలో ఇంతవరకూ పుట్టలేదు. "ముల్లు నిలబడనీ నాయనా, ఆ చెయ్యి తీసి చూపించు" అనకుండా వంకాయలు సంచీలో పోయించుకునే మనిషి ఈ ఊళ్ళో ఉందంటే నేనొప్పుకోను. ఇహ పట్టుచీర సంగతి చెప్పనే అక్కర్లేదు. మగ్గాల ఊరు కదా మరి! మడతలన్నీ విప్పించి, వెలుతురులోకి పట్టుకెళ్ళి చూసి, పోగు లాగి కాల్చి వాసన చూసి, "పక్క కొట్లో కూడా చూసొస్తాం" అని గుమ్మందాకా వెళ్ళి వెనక్కొస్తేగానీ డబ్బు బయటికి తీయం. అంతటి గడుసువాళ్ళం, మణికట్టుకి కట్టుకున్న వాచీ "ఇవాళ మీ గుండె లయలో తేడా 27, మీకు ఒత్తిడి ఎక్కువగా ఉంది" అంటే మాత్రం కిమ్మనకుండా నమ్మేస్తున్నాం. కొనేటప్పుడు దాన్ని మనం అడిగిన ప్రశ్న ఒక్కటే. పట్టీ గులాబీరంగులో దొరుకుతుందా అని.

నమ్మితే నమ్మాం, మునిగిందేముంది అంటారేమో. మునిగింది చాలా ఉంది. నమ్మడం మనతోనే ఆగిపోతే నేనీ గొడవ ఎత్తేదాన్ని కాదు. మన ఒంటిని గురించి మనం చెప్పే మాట పక్కనపెట్టి, వాచీ చెప్పే మాట వినడం ఇంటిల్లిపాదికీ అలవాటవుతోంది. నా పోట్లాటంతా దాని మీదే.

ఈమధ్య ఏ ఇంట్లో చూసినా ఈ వరసే. "ఒళ్ళంతా నీరసంగా ఉందండీ, ఈ పూటకి వంట చెయ్యలేను" అంటుంది ఇల్లాలు. వెనకటి మొగుడైతే "సరేలే, ఆవకాయ వేసుకుని మజ్జిగన్నం తినేద్దాం" అనేవాడు. లేకపోతే విసుక్కునేవాడు. విసుక్కున్నా సరే, ఆవిడ మాట చెవిన పడ్డట్టయినా లెక్క. ఇప్పటి మొగుడు ఆవిడ మొహం వంక చూడడు. ఫోను తీస్తాడు. అందులో ఆవిడ వాచీ జమాఖర్చులన్నీ ఉంటాయి. "రాత్రి ఏడు గంటలు పడుకున్నావు. హెచ్‌ఆర్‌వీ బాగానే ఉంది. ఒత్తిడి తక్కువని పచ్చరంగు చూపిస్తోంది. మరి నీరసమెందుకూ?" అంటాడు, దొంగని పట్టుకున్న పోలీసులాగా. అంటే ఏవిటన్నమాట? వాచీ నిజం చెబుతోంది, పెళ్ళాం నాటకం ఆడుతోంది!

ఇంకో ఇంట్లో దీనికి తల్లకిందులు. పొద్దున్నే హుషారుగా నిద్రలేచిన పిల్ల కాఫీ కన్నా ముందు వాచీ చూసుకుంటుంది. నిన్న 45 ఉన్నది ఇవాళ 31 అయింది. అంతే, మొహం వాడిపోతుంది. "నాకేదో అవుతోందమ్మా" అని మంచం దిగదు. ఈ లెక్కలు చూసుకుని నిద్ర పాడుచేసుకునే జబ్బుకి అమెరికాలో నిద్ర వైద్యులు 2017లో ఆర్థోసోమ్నియా అని పేరు కూడా పెట్టారు. నిద్ర బాగా పట్టిందా లేదా అని కంగారుపడి నిద్ర పోగొట్టుకోవడం అన్నమాట. పెళ్ళికూతురు బావుందా అని దీపం పెట్టి చూడబోతే కొంగు అంటుకున్నట్టు!

అసలీ హెచ్‌ఆర్‌వీ అంటే ఏమిటో తెలుసుకోకుండా తిట్టడం న్యాయం కాదు. గుండె నిమిషానికి 60 సార్లు కొట్టుకుంటోందంటే సెకనుకి ఒకటి చొప్పున గోడగడియారంలా కొట్టుకుంటోందని మనమనుకుంటాం. ఆరోగ్యంగా ఉన్న గుండె అలా కొట్టుకోదు. సెకనుని వెయ్యి వంతులు చేస్తే, ఒక దెబ్బకీ మరో దెబ్బకీ మధ్య ఓసారి 970 వంతులు, ఓసారి 1,020, ఓసారి 990. ఇలా కొంచెం అటూ ఇటూగా నడుస్తుంది. ఊపిరి లోపలికి తీస్తే దెబ్బలు కాస్త దగ్గరవుతాయి, వదిలితే కాస్త దూరమవుతాయి. మణికట్టు మీద వేళ్ళు పెట్టుకుని గట్టిగా ఊపిరి తీసి వదిలి చూడండి, వయసులో ఉన్నవాళ్ళకి ఇది వేళ్ళకే తెలుస్తుంది. మెదడు నుంచి గుండెకి దిగే వేగస్ అనే నరం కళ్ళెం బిగించడం వల్లా, వదలడం వల్లా వచ్చే తేడా ఇది. ఈ తేడాని అంకెల్లో పెడితే అదే హెచ్‌ఆర్‌వీ.

ఇది నిన్న మొన్న కంపెనీలవాళ్ళు కనిపెట్టిన వింత కాదు సుమండీ. ఊపిరితోపాటు గుండె వేగం మారుతుందని కార్ల్ లుడ్విగ్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు 1847లోనే గీతలు గీయించి చూపించాడు. 1960ల్లో అమెరికాలో ఎడ్వర్డ్ హాన్ అనే ప్రసూతి వైద్యుడూ, ఆయనతో పనిచేసినవాళ్ళూ ఇంకో సంగతి గమనించారు. కడుపులో బిడ్డకి కష్టం కలిగితే, గుండె వేగం మారకముందే ఈ చిన్న చిన్న తేడాలు మారతాయి. ఇవాళ పురిటిగదిలో తల్లి పొట్టకి పట్టీలు కట్టి, కాగితం మీద గీసే గీతల్లో డాక్టరమ్మ వెతికేవాటిలో ఇదొకటి. గీత బొత్తిగా చదునైపోతే ఆవిడ గుండెల్లో రాయి పడుతుంది. 1987లో అమెరికాలో గుండెపోటు వచ్చి బతికిన 808 మంది వివరాలు చూస్తే, ఈ తేడా బాగా తగ్గిపోయినవాళ్ళకి ప్రాణాపాయం ఎక్కువని తేలింది. కాబట్టి విషయం గట్టిదే. గొడవల్లా కొలిచే కాటాతోనే.

ఆ 808 మందినీ ఎలా కొలిచారు? ఛాతీకి తీగలు అంటించి, 24 గంటలపాటు గుండెలో పుట్టే విద్యుత్తునే నమోదు చేశారు. అదే ఈసీజీ పద్ధతి. దాన్ని వైద్యానికి పనికొచ్చేలా తీర్చిదిద్దినందుకు ఐంథోవెన్ అనే డచ్చి వైద్యుడికి 1924లో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఈసీజీలో ఒక్కో దెబ్బకీ సూదిమొనలాంటి శిఖరం ఒకటి వస్తుంది. ఆ మొన నుంచి ఈ మొనకి దూరం కొలవడంలో తడబాటుండదు. హెచ్‌ఆర్‌వీని ఎలా కొలవాలో యూరపు, అమెరికా హృద్రోగ నిపుణులు కలిసి కూర్చుని 1996లో నియమాలు రాశారు. కొద్దిసేపు కొలిచేటట్టయితే కదలకుండా 5 నిమిషాలు, లేదా రోజంతా కొలిచేటట్టయితే 24 గంటలు. 5 నిమిషాల లెక్కనీ 24 గంటల లెక్కనీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదని కూడా వాళ్ళే రాశారు.

మరి మన వాచీ ఏం చేస్తుంది? అది గుండెని చూడదు. చూడలేదు కూడా, మణికట్టు దగ్గర గుండె ఎక్కడుందీ? వెనకవైపు ఆకుపచ్చ దీపాలు మెరుస్తుంటాయి చూశారూ, ఆ వెలుతురు చర్మం లోపలికి వెళుతుంది. దెబ్బ దెబ్బకీ రక్తం పొంగి వచ్చినప్పుడు ఆ వెలుతురుని ఎక్కువ మింగుతుంది, తగ్గినప్పుడు తక్కువ మింగుతుంది. తిరిగొచ్చిన వెలుతురుని బట్టి "ఇప్పుడో దెబ్బ పడింది కాబోలు" అని వాచీ లెక్కేసుకుంటుంది. 2021లో కరోనా రెండోసారి విరుచుకుపడ్డప్పుడు ఇంటింటా వేలికి తగిలించుకున్న ఆక్సీమీటరుది కూడా ఈ వెలుతురు పద్ధతే. దాని మాట కూడా అందరి ఒంటి మీదా ఒకేలా నిలబడలేదు. నల్లవాళ్ళలో ఆక్సిజన్ తగ్గినా అది పసిగట్టకపోవడం, తెల్లవాళ్ళతో పోలిస్తే దాదాపు మూడింతలని 2020లో అమెరికా వైద్యులు బయటపెట్టారు.

ఈ వెలుతురు లెక్క ఎలాంటిదో మన ఊరి భాషలో చెబుతాను. సామర్లకోట స్టేషనుకి రైలు ఎన్నింటికొచ్చిందో స్టేషనులో నిలబడి చూసేది ఈసీజీ. స్టేషను మొహం చూడకుండా, పెద్దాపురంలో మన గుమ్మం ముందు ఆటో ఆగిన టైమునిబట్టి "రైలు ఇన్నింటికి వచ్చుంటుంది" అని చెప్పేది వాచీ. అర్ధరాత్రి రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు ఆ లెక్క ఇంచుమించు సరిపోతుంది. అదే ఆషాఢమాసంలో మరిడమ్మ జాతర జనం రోడ్డు నిండా ఉన్నప్పుడు? ఆటో ఆలస్యమైతే రైలుదే తప్పంటారా? గుండె నుంచి మణికట్టుకి రక్తపు అల చేరే సమయం కూడా అంతే. నాళాలు బిగుసుకుంటే ఒకలా, సడలితే ఒకలా మారుతుంటుంది. అందుకే పరిశోధకులు వాచీ లెక్కని గుండె తేడా అనడానికి మొహమాటపడి, నాడి తేడా అని వేరే పేరుతో పిలుస్తారు. ఆ మొహమాటం వాచీ అమ్మేవాళ్ళకి లేదు.

రాత్రి కదలకుండా పడుకున్నప్పుడు ఈ లెక్క చాలావరకు ఈసీజీకి దగ్గరగానే వస్తుందని పరీక్షల్లో తేలింది. అది ఒప్పుకోవాలి. తంటా అంతా మెలకువగా ఉన్నప్పుడే. అమెరికాలో డ్యూక్ విశ్వవిద్యాలయంవాళ్ళు 2020లో రకరకాల వాచీలని ఈసీజీ పక్కన పెట్టి పరీక్షిస్తే, ఊరికే కూర్చున్నప్పటికంటే కదులుతున్నప్పుడు తప్పు సగటున 30 శాతం ఎక్కువని తేలింది. చూసుకోండి, ఇది మామూలు గుండె వేగం కొలవడంలోనే. హెచ్‌ఆర్‌వీ దానికంటే ఎంతో సున్నితమైన లెక్క.

ఇక ఆడదాని చెయ్యి కదలకుండా ఉండేదెప్పుడో చెప్పండి! అట్లపెనం మీద గరిటె తిప్పుతుంది, బట్టలు పిండుతుంది, పిండి కలుపుతుంది, పిల్లని ఎత్తుకుంటుంది, బిందె దింపుతుంది. పైగా ఆ చేతికి గాజులు. గాజులు జరిగినప్పుడల్లా వాచీ జరుగుతుంది. వాచీ జరిగితే కిందనుంచి బయటి వెలుతురు దూరుతుంది. అది కూడా రక్తపు పొంగే కాబోలనుకుంటుంది పిచ్చిది. పరుగుపందెం వాళ్ళని నడిపించి, పరిగెత్తించి పరీక్షించారుగానీ, పప్పు రుబ్బే మణికట్టుని ఎవరు కూర్చోబెట్టి పరీక్షించారో నాకు తెలీకడుగుతాను.

"ఒక దెబ్బ అటూ ఇటూ అయితే ఏం కొంపమునిగింది?" అంటారు అబ్బాయిలు. లెక్క చూపిస్తాను, పలకా బలపం తెచ్చుకోమనండి. నిమిషానికి 60 దెబ్బలు పడే గుండె ఉందనుకోండి. పక్కపక్క విరామాల మధ్య తేడా సుమారు 30 మిల్లీసెకన్లు. మిల్లీసెకను అంటే సెకనులో వెయ్యో వంతు. వాచీ ఒకే ఒక్క దెబ్బని చూసుకోకుండా జారవిడిచింది. గుండె వేగం ఎంత తప్పింది? 60 పోయి 59 అయింది. పావలా ఎత్తు తేడా కూడా కాదు. మరి హెచ్‌ఆర్‌వీ? జారిపోయిన దెబ్బ దగ్గర రెండు విరామాలు కలిసిపోయి ఒకే పెద్ద విరామం, రెండు సెకన్లు అవుతుంది. తేడాలని వర్గాలు చేసి, సగటు తీసి, మళ్ళీ వర్గమూలం కట్టే మామూలు పద్ధతిలో 30 రావాల్సిన అంకె 180 దాటిపోతుంది. ఒక్క మెతుకు తప్పితే అన్నం కుండంతా లెక్క తప్పినట్టు! గుండె వేగం సరిగ్గా చెప్పింది కదా, ఇది కూడా సరిగ్గానే చెబుతుందిలే అనుకోవడం ఎంత పొరపాటో చూశారా?

"అలాంటి తప్పుల్ని మా యంత్రమే ఏరి పారేస్తుంది" అని కంపెనీలు అంటాయి. నిజమే, ఏరుతుంది. బియ్యంలో రాళ్ళు మనమూ ఏరతాం. కానీ ఏరేటప్పుడు రాయి పోతోందో, నూక పోతోందో కళ్ళతో చూస్తాం. మీ వాచీ రాత్రి ఎన్ని దెబ్బలు చూసింది, ఎన్ని పారేసింది, పారేసినచోట ఊహించి ఏం అతికించింది అన్నది మన ఫోనులో కనపడేచోట రాయరు. ఆ అంకె పక్కన "దీంట్లో ఇంత తప్పుండొచ్చు" అనీ రాయరు. ఒక్క అంకె మాత్రం పెద్ద అక్షరాలతో, పచ్చగానో ఎర్రగానో చూపిస్తారు. "వైద్యానికి వాడకూడదు" అన్న మాట మాత్రం చీమతలకాయంత అక్షరాల్లో ఎక్కడో అడుగున ఉంటుంది.

కొలతలో కంపెనీకో పద్ధతి. ఆపిల్ వాచీ ఒక సూత్రం వాడుతుంది, విరామాలన్నీ సగటుకి ఎంత దూరంగా చెదిరాయో చూస్తుంది. ఫిట్‌బిట్, గార్మిన్‌లాంటివి ఇంకో సూత్రం వాడతాయి, పక్కపక్క విరామాల మధ్య తేడా చూస్తాయి. రెండింటికీ ఒకే మనిషి మీద ఒకే సమయంలో వేర్వేరు అంకెలు వస్తాయి. రెండూ తప్పు కావు, కొలిచేదే వేరు. ఈ సంగతి తెలీక అక్కాచెల్లెళ్ళు "నీకు 60, నాకు 28, నేను నీకంటే ముందే పోతానే" అని ఫోనుల్లో ఏడవడం! ఒకరు శేరుతోనూ ఒకరు కిలోతోనూ తూచుకుని బరువులు పోల్చుకున్నట్టుంది.

ఇంకా చెబుతాను వినండి. ఈ అంకె వయసుతోపాటు తగ్గుతుంది, అది సహజం. నెలసరికి ముందు పదిహేను రోజుల్లో చాలామంది ఆడవాళ్ళకి కొంచెం తగ్గుతుంది, అదీ సహజమే. కడుపుతో ఉన్నప్పుడు మారుతుంది. రక్తపోటుకి వాడే కొన్ని మాత్రలతో మారుతుంది. జ్వరం వస్తే తగ్గుతుంది. పోనీ ఎక్కువుంటే మంచిదేనా అంటే అదీ ఖాయం కాదు. గుండె పైగదులు తాళం తప్పి కొట్టుకునే జబ్బు ఉంది, దాన్ని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. అందులో దెబ్బలన్నీ చెల్లాచెదురుగా పడతాయి కాబట్టి ఈ అంకె అమాంతం పెరిగిపోవచ్చు. అంటే జబ్బు మనిషికి మంచి మార్కులు పడ్డట్టన్నమాట!

ఈ తప్పుల కుప్ప మీద ఇంకో అంతస్తు కట్టారు. దానికి "ఒత్తిడి" అని పేరు పెట్టారు. చాలా వాచీల్లో ఒత్తిడి మార్కు ఈ హెచ్‌ఆర్‌వీ మీద ఆధారపడిందే. పాండవుల మెట్ట ఎక్కితే గుండె దడదడలాడుతుంది. కూతురికి మంచి సంబంధం కుదిరిందని కబురొస్తే దడదడలాడుతుంది. రెండు కాఫీలు తాగితే దడదడలాడుతుంది. అప్పులవాడు తలుపు కొడితేనూ దడదడలాడుతుంది. వాచీకి ఈ నాలుగూ ఒకటే. నాలుగింటికీ "ఒత్తిడి ఎక్కువ" అనే అంటుంది. పోనీ పదేళ్ళుగా నోరెత్తకుండా అత్తింటి మాటలన్నీ దిగమింగి ఎంతో నిదానంగా కూర్చున్న ఇల్లాలికో? పచ్చరంగు చూపించినా చూపిస్తుంది. వెనకటి వైద్యుడు కూడా నాడి పట్టుకునేవాడు. పాము నడక, కప్ప గెంతు, హంస నడక అని పోలికలు చెప్పేవాడు. ఆయన పోలికలన్నీ నిజమని నేననను. కానీ నాడి పట్టుకున్న మనిషి ఇంకో పని కూడా చేసేవాడు. "నిద్ర పడుతోందా అమ్మా? ఆకలేస్తోందా? ఎన్నాళ్ళబట్టి ఇలా ఉంది?" అని నోరారా అడిగేవాడు. వాచీ అడగదు. దాన్ని చూసి ఇంట్లోవాళ్ళు కూడా అడగడం మానేస్తున్నారు.

ఇక్కడితో ఆగితే నవ్వుకుని ఊరుకోవచ్చు. ఆగడం లేదు గనకనే నాకు కోపం. మన గోదావరి జిల్లాల సంగతి వినండి. 2003-04లో తూర్పు, పశ్చిమగోదావరి జిల్లాల్లో 45 ఊళ్ళలో, సుమారు లక్షా ఎనభైవేల జనాభాలో, ఏడాదిపాటు ఎవరు ఏ కారణంతో చనిపోయారో ఇంటింటికీ తిరిగి రాసుకున్నారు. 1,354 మరణాలు. అందులో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులవల్లే. గుండెపోటూ పక్షవాతమూ ఇంచుమించు సరిసమానం. పచ్చటి పొలాల మధ్య కొబ్బరిచెట్ల నీడన బతికే పల్లెటూళ్ళ లెక్క ఇది. పట్నం జబ్బు అనుకున్నది మన అరుగుల మీదే తిష్టవేసిందని తేలింది. ఇంకోటి, మన దక్షిణాసియా వాళ్ళకి మొదటి గుండెపోటు మిగతా దేశాలవాళ్ళకన్నా ఐదారేళ్ళు ముందే వస్తోందని 52 దేశాల్లో జరిగిన పెద్ద పరిశీలనలో బయటపడింది.

ఇలాంటి చోట వాచీ ఏం చేయగలదు? గుండెపోటుని పట్టలేదు. ఈ మాట నాది కాదు, ఆపిల్ కంపెనీ తన వాచీ గురించి తనే రాసుకున్నది. కొన్ని వాచీల్లో ఈసీజీ ఉందంటారు. ఉంది, కానీ అది గుండెని ఒక్క కోణంలోనే చూస్తుంది. ఆసుపత్రిలో ఈసీజీ 12 కోణాల్లో చూస్తుంది, అది చాలక రక్తపరీక్ష కూడా చేస్తారు. ఆడవాళ్ళకి గుండెపోటు వచ్చినప్పుడు ఛాతీనొప్పితోపాటో, అది అంతగా లేకుండానో, ఆయాసం, వాంతి వచ్చేట్టుండడం, చల్లటి చెమటలు, దవడలోనూ వీపులోనూ నొప్పి, ఎన్నడూ లేని నీరసం కనిపించవచ్చు. "నీరసం" అన్న మాట మళ్ళీ చదవండి. ఇంట్లో అందరూ ఫోను చూసి కొట్టిపారేసే మాట అదే కదా! "గ్యాసేమో, వాచీలో అంతా బాగానే ఉంది, కాసేపు పడుకో" అని చెప్పిన ఆ ఒక్క గంట ఖరీదు ఎంతో ఎవరు కడతారు? అలాంటప్పుడు చూడాల్సింది వాచీ కాదు. చెయ్యాల్సింది 108కి ఫోను.

"మరి వాచీ వల్ల ప్రాణాలు దక్కినవాళ్ళు లేరా?" అని తప్పకుండా అడుగుతారు. ఉండొచ్చు. ఇందాక చెప్పిన ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌ని వాచీ పసిగట్టగలదా అని నాలుగు లక్షలమందికి పైగా మనుషులతో అమెరికాలో పెద్ద పరిశీలన చేసి 2019లో ప్రకటించారు. ఆ పని అది కొంతవరకు చేయగలదని తేలింది. అలా హెచ్చరిక వస్తే డాక్టరు దగ్గరికి వెళ్ళి అసలు ఈసీజీ తీయించుకోవాల్సిందే. కానీ ఆ పరీక్ష వేరు, రోజూ పొద్దున్నే చూపించే హెచ్‌ఆర్‌వీ అంకె వేరు. బావ పాసైతే బావమరిదికి ఉద్యోగం ఇచ్చేస్తారా?

కొలిచినంత మాత్రాన రోగం కుదరదన్న పాఠం కూడా మన దగ్గరే ఉంది. పశ్చిమగోదావరిలో 54 ఊళ్ళలో ఆశా కార్యకర్తల చేతికి టాబ్లెట్లు ఇచ్చి, నలభై దాటినవాళ్ళ రక్తపోటు, గుండెజబ్బు ప్రమాదం లెక్కకట్టించి, డాక్టర్ల దగ్గరికి పంపించారు. 2019లో ఫలితాలు ప్రకటిస్తే, ఆ ఊళ్ళలో రక్తపోటు అదుపులోకి వచ్చినవాళ్ళు మిగతా ఊళ్ళకంటే చెప్పుకోదగ్గంత ఎక్కువేం లేరు. పాపం, ఆ అమ్మాయిల తప్పు కాదది. కొలత తర్వాత మందు దొరకాలి, దాన్ని మానకుండా వేసుకోవాలి, వేసుకున్నావా అని అడిగే మనిషి ఉండాలి. చేతికి బీపీ పట్టీ కట్టి గడప గడపకీ తిరిగి చూసినా ఇంత కష్టమైతే, మణికట్టు మీద ఆకుపచ్చ దీపం మన గుండెని కాపాడేస్తుందా?

వాచీని గోదాట్లో పారేయమని నేనడం లేదు, డబ్బు పోసి కొన్నాం. కాస్త దాని హద్దులో దాన్ని పెట్టండి. రాత్రి నిద్రలో తీసుకున్న లెక్కనే చూడండి, పగటి లెక్క వదిలేయండి. గాజులకి కాస్త పైకి, వదులు లేకుండా కట్టుకోండి. ఒక్కరోజు అంకె చూసి బెంబేలెత్తకుండా నెలరోజుల వరస చూడండి. మీ అంకెని మీ అంకెతోనే, అదే వాచీతోనే పోల్చుకోండి, వదినగారి అంకెతో వద్దు. నిజంగా గట్టి లెక్క కావాలంటే ఛాతీకి కట్టుకునే పట్టీ దొరుకుతుంది, అది విద్యుత్తునే చూస్తుంది. గుండె తాళం తప్పుతోందనిపిస్తే డాక్టరు, ఈసీజీ, అంతే. వీటన్నిటికన్నా ముందు బీపీ, చక్కెర చూపించుకోండి. ఆ రెండూ చూపించుకోకుండా హెచ్‌ఆర్‌వీ చూసుకోవడం ఇంటికప్పు కారుతుంటే గుమ్మానికి తోరణం కట్టడమే.

కంపెనీవాళ్ళకి ఒక మాట. కిరాణాకొట్టు కాటా మీద ప్రభుత్వం ముద్ర ఉండాలని మన దేశంలో 2009 చట్టం ఉంది. జ్వరం చూసే థర్మామీటరుకీ, బీపీ పరికరానికీ కూడా కొలతల నియమాలున్నాయి. పావుకిలో బెండకాయల విషయంలో ఇంత పట్టింపు ఉన్న దేశంలో, గుండె గురించి అంకె చెప్పే వస్తువు పెట్టె మీద "ఇది అంచనా. కదిలితే తప్పుతుంది. ఇంత తప్పుతుంది" అని పెద్ద అక్షరాలతో తెలుగులో రాయమని అడిగే హక్కు మనకి లేదా? అడగండి. కొట్లోనే అడగండి. "ఈసీజీ పక్కన పెట్టి చూశారా? ఎవరి మీద చూశారు? ఆడవాళ్ళ మీద చూశారా? కదిలేటప్పుడు చూశారా?" అనండి. జవాబు చెప్పలేక కొట్టువాడు నీళ్ళు నమిలితే నమలనివ్వండి.

ఇహ ఇంట్లోవాళ్ళకి ఆఖరిమాట. మీ ఆవిడకో, మీ అమ్మకో ఒంట్లో బావుండలేదంటే ఆ ఫోను కింద పెట్టండి. ఆవిడ వైపు తిరిగి "ఎక్కడ నొప్పి? ఎప్పట్నుంచీ?" అని అడగండి. సెకనులో వెయ్యో వంతు దాకా కొలిచే యంత్రానికి చేతకానిది, పక్కనున్న మనిషికి ఒక్క నిమిషంలో తెలిసేది ఒకటుంది. ఆవిడ నోటంట వచ్చిన మాట నిజమా కాదా అన్నది. ముందు ఆ మాటని నమ్మండి. తర్వాత అవసరమైతే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. వంట సంగతంటారా, పెరుగూ ఆవకాయా ఉన్నాయిగా!